కేతిగాడొచ్చినప్పుడు లేపమ్మా

కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని వచ్చాక మేం నలుగురం కాలవగట్టు మీద చేరాం. ఏటా ఇదే వరస. ఇద్దరు హైదరాబాదు నుంచి, ఒకడు బెంగళూరు నుంచి, నేను కాకినాడ నుంచి. మొదటి అరగంట ఇంటి లోన్ల సంగతి, తర్వాత కొబ్బరికాయ ధర, ఆ తర్వాత మాట ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఈసారి టీన్ టైటన్స్ మీదికి పోయింది, అయిదుగురు కుర్ర సూపర్ హీరోల కార్టూను అది. ముప్పై అయిదేళ్ళ మగాళ్ళు ప్రభలు చూసొచ్చి కార్టూన్ల గురించి కొట్టుకోవడమేంటని మీరనుకుంటే అనుకోండి. జరిగింది అదే.

కారణం మా అక్క కొడుకు. వాడికి తొమ్మిదేళ్ళు. తీర్థంలో కొన్న బూర ఒక చేతిలో, నా ఫోను ఇంకో చేతిలో పెట్టుకుని నా పక్కన కూర్చుని ‘టీన్ టైటన్స్ గో!’ చూస్తున్నాడు. అదే హీరోలతో తర్వాత వచ్చిన నవ్వుల సీరీస్ అది. బెంగళూరు వాడు వంగి చూసి, “ఇదేంట్రా, పిల్లాడికి ఈ దరిద్రం చూపిస్తున్నావా? మన టైటన్స్‌ని సర్వనాశనం చేసింది ఇదే కదరా” అన్నాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు, నిజంగానే బాధ ఉంది. మావాడు ఫోన్లోంచి తలెత్తకుండా, “మన టైటన్స్ అంటే ఎవరివి మావయ్యా?” అని నన్నడిగాడు.

దోమలు మమ్మల్ని లేపేదాకా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాం. అందరం ఒకేసారి మాట్లాడాం కాబట్టి ఎవరూ ఏమీ తేల్చలేదు. అక్కడ నోట్లోనే ఉండిపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను. ముందే చెప్తున్నా, నేను రెండు వైపులా లేను. అలాగని మధ్యలోనూ లేను.

సగం అర్థమైన కార్టూను

పాత టీన్ టైటన్స్ 2003లో అమెరికాలో, కార్టూన్ నెట్‌వర్క్ ఛానల్లో మొదలైంది. మా ఊరి కేబుల్లోకి వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. మాకొచ్చింది ఇంగ్లీషు మాటలతోనే. సగం అర్థమయ్యేది కాదు. అదే మంచిదైందేమో అని ఇప్పుడనిపిస్తుంది, మిగతా సగం మేమే అల్లుకునేవాళ్ళం. స్లేడ్ అనే ముసుగు విలన్ ఏం మాట్లాడుతున్నాడో తెలియకపోయినా ఆ గొంతు చాలు, వెన్నులోంచి చలి పాకేది. టైటన్స్ నాయకుడు రాబిన్ చీకట్లో స్లేడ్ చేత తన్నులు తినే ఎపిసోడ్ ఒకటుంది. తన్నేవాడు అసలక్కడ ఉండడు. ఉన్నాడని రాబిన్ మనసు నమ్ముతుంది, దెబ్బలు మాత్రం ఒంటి మీద తేలతాయి. ఆ రాత్రి దొడ్లోకి వెళ్ళడానికి అమ్మని తోడు రమ్మన్నాను. అప్పుడు నాది ఎనిమిదో తరగతి. ఈ సంగతి గట్టు మీద కూర్చున్న ముగ్గురికీ కూడా ఇప్పుడే తెలుస్తుంది.

సీజనుకి 13 చొప్పున అయిదు సీజన్లు, 65 ఎపిసోడ్లు. 2006 జనవరిలో ఆగిపోయింది. అభిమానుల కడుపుమంటంతా ఆ ఆగిన తీరులోనే ఉందని నాకనిపిస్తుంది. టెర్రా అనే పిల్ల మొదట వీళ్ళతో కలిసి, తర్వాత స్లేడ్ వైపు తిరిగి, చివరికి ఊరిని కాపాడుతూ రాయైపోతుంది. అది రెండో సీజన్ ముగింపు. మూడు సీజన్ల తర్వాత, ఆఖరి ఎపిసోడ్లో, అచ్చం టెర్రాలా ఉన్న పిల్ల స్కూలు యూనిఫాంలో, టైటన్స్‌లో ఒకడైన బీస్ట్ బాయ్ కంటపడుతుంది. ఆమె ఇతన్ని గుర్తుపట్టదు. లేదా గుర్తుపట్టనట్టు ఉంటుంది. నువ్వు వెతికే అమ్మాయి నీ జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా లేదన్నట్టు చెప్పి, తన దారిన తను క్లాసుకి పోతుంది. అవతల టైటన్స్ ఎవడో కొత్త రాక్షసుడితో తంటాలు పడుతున్నారు, బీస్ట్ బాయ్ అటు పరిగెత్తుతాడు. అయిపోయింది. ఆరో సీజన్ లేదు. అదే ఏడు సెప్టెంబరులో టోక్యో కథతో ఒక సినిమా వచ్చింది గానీ టెర్రా సంగతి అక్కడా తేలలేదు.

ఆ ఆఖరిది నేను టీవీలో చూడలేదు. అప్పటికి పే ఛానళ్ళ గొడవలో మా కేబులాయన ఆ ఛానలే తీసేశాడు. మూడేళ్ళ తర్వాత ఇంజినీరింగ్ హాస్టల్లో, పరీక్షకి ముందు రాత్రి, ఎవడిదో పెన్‌డ్రైవ్‌లో చూశాం. ఈ నలుగురిలో ముగ్గురం ఆ గదిలో ఉన్నాం. అయిపోయాక ఎవడూ మాట్లాడలేదు. విస్తట్లో పెరుగు పడకుండానే బంతిలోంచి లేపేసినట్టు ఉంది. కడుపు నిండలేదని కాదు, భోజనం అయిందని చేతికి తెలియలేదు.

అలా లేపేసినవాళ్ళని ఏడేళ్ళ తర్వాత మళ్ళీ పిలిచి, ఇదిగో విస్తరి అని చూపించి, అందులో పీచుమిఠాయి పెడితే ఎలా ఉంటుంది? 2013 ఏప్రిల్లో వచ్చిన ‘గో’ వాళ్ళకి అలాగే కనిపించింది. అదే అయిదుగురు హీరోలు. గొంతులు కూడా అవే: రాబిన్‌కి స్కాట్ మెన్విల్, రేవెన్‌కి తారా స్ట్రాంగ్, సైబోర్గ్‌కి కారీ పేటన్, మిగిలిన ఇద్దరికీ పాతవాళ్ళే. బొమ్మలు మాత్రం పొట్టివి, తలకాయలు పెద్దవి. ఎపిసోడ్ 11 నిమిషాలు. లోకాన్ని కాపాడే పని వదిలేసి శాండ్‌విచ్ కోసం, బట్టలు ఉతికే వంతు కోసం కొట్టుకుంటారు. ఒక ఎపిసోడ్లో సైబోర్గ్, బీస్ట్ బాయ్ ‘వాఫుల్స్’ అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడం అని ఒట్టు పెట్టుకుంటారు. దాన్ని మా మేనల్లుడు నాకు మూడుసార్లు చూపించాడు.

వచ్చిన సమయం కూడా కలిసిరాలేదు. అంతకు ముందు నెలలోనే, మార్చిలో, అదే ఛానల్లో యంగ్ జస్టిస్, గ్రీన్ లాంటర్న్ రెండూ ముగిసిపోయాయి. కాస్త గంభీరంగా నడిచే హీరో కథలు రెండూ పోయి వాటి వెనకాలే ఈ అల్లరి గుంపు దిగింది. వాళ్ళని చంపి వీళ్ళని తెచ్చారని అభిమానులు లెక్క కట్టేశారు. యంగ్ జస్టిస్ ఆగడానికి ఆటబొమ్మల అమ్మకాలు సరిపోకపోవడం కారణమని దాన్ని తీసినవాళ్ళలో ఒకడైన గ్రెగ్ వైస్‌మన్ తర్వాత చెప్పాడు. 2019లో అది తిరిగి కూడా వచ్చింది. అయినా ఒకసారి కట్టిన లెక్క మళ్ళీ ఎవరు విప్పుతారు? హంతకుడు ఎదురుగా వాఫుల్స్ తింటూ కనిపిస్తుంటే.

కోపం వారసత్వంగా వస్తుంది

ఇక్కడ మా బెంగళూరు వాడికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. 2003లో మనం నోరెళ్ళబెట్టుకుని చూసిన ఆ బొమ్మని అప్పటి పెద్దలు కూడా ఇలాగే తిట్టారు. టీన్ టైటన్స్ కామిక్స్‌లో పుట్టింది 1964లో. 1980లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ కలిసి దాన్ని కొత్తగా మలిచారు. స్టార్‌ఫైర్, రేవెన్, సైబోర్గ్ ముగ్గురూ అప్పుడు వచ్చినవాళ్ళే. ఆ కామిక్స్ చదివి పెరిగినవాళ్ళకి 2003 బొమ్మలు జపాన్ కార్టూన్ల మాదిరి కళ్ళతో, చెమట చుక్కలతో చిన్నపిల్లల ఆటలా కనిపించాయి. టెర్రా కథని పలచన చేశారన్నారు. కామిక్స్‌లో టెర్రా మొదటి నుంచీ మోసగత్తె, చివరిదాకా పశ్చాత్తాపం లేనిది. కార్టూన్లో ఆమెని జాలిపడదగ్గ పిల్లని చేశారు. మనం పెన్‌డ్రైవ్‌లో చూసి మూగబోయిన ఆ టెర్రా కొందరి దృష్టిలో అసలు టెర్రాయే కాదు.

దీన్ని బట్టి అందరి కోపమూ ఉత్తిదే, వయసు మీద పడ్డ చాదస్తమే అని తేల్చేయడం తేలిక. నేను గట్టు మీద అలాగే తేల్చేశాను. ఇంటికొచ్చాక ఆ మాట నాకే నచ్చలేదు. ఎందుకంటే 1980 నుంచి 2003కి వచ్చినప్పుడు కథ పలచబడిందేమో గానీ కథంటూ ఉంది. 2003 నుంచి 2013కి వచ్చినప్పుడు కథే పక్కకెళ్ళింది. మజ్జిగలో నీళ్ళు కలపడం వేరు, మజ్జిగని పక్కన పెట్టి నీళ్ళలో ఉప్పేసి ఇవ్వడం వేరు.

అయితే పాత సీరీస్‌లో నవ్వు లేదా? బోలెడుంది. టైటిల్ పాట పఫీ అమీయూమీ అనే జపాన్ గాయనుల జంట పాడింది. ఆ పాట ఇంగ్లీషులో వస్తే ఆ రోజు కథ మామూలుది, జపనీసులో వస్తే ఆ రోజు అల్లరి కథ. మాకు రెండు భాషలూ ఒకటే కాబట్టి ఆ గుర్తు మాకు తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది అమెరికా కాదు, జపానూ కాదు. మా ఊరి అమ్మవారి గుడి ముందు కట్టిన తెల్ల పంచె.

తెల్ల పంచె మీద

96 తుఫాను మర్నాటి వేసవి. కొబ్బరి చెట్లు ఇంకా పడినచోటే ఉన్నాయి, ఊళ్ళో ఎవరి దగ్గరా డబ్బుల్లేవు, అయినా జాతర మానలేదు. సామర్లకోట దగ్గర మాధవపట్నం నుంచి తోలుబొమ్మలాట వాళ్ళు వచ్చారు. మనిషెత్తు బొమ్మలు, రంగు అద్దిన తోలు గుండా వెలుగొస్తుంటే రావణుడి కళ్ళు మనవైపే చూస్తున్నట్టుండేవి. తాటాకు చాపలు పరుచుకుని ఊరంతా కూర్చుంది. పిల్లలం ముందు వరసలో ఉన్నాం. హార్మోనియం మొదలై, రంగనాథ రామాయణం ద్విపదలు ఎత్తుకున్న పావుగంటకి మా వరసంతా తూగడం మొదలుపెట్టింది. పడుకోబోతూ నేను అమ్మతో అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది: “కేతిగాడొచ్చినప్పుడు లేపమ్మా.”

నేనొక్కణ్ణే కాదు, ఆ వరసలో ప్రతివాడూ వాళ్ళమ్మకి అదే చెప్పి పడుకున్నాడు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క. యుద్ధం మధ్యలో రాముణ్ణి ఆపేసి వీళ్ళొచ్చి వాళ్ళ సంసారం గొడవ మన ముందు పెట్టేవారు. బూతులుండేవి. మా మావయ్య నా చెవులు మూసేవాడు, తను మాత్రం పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తెల్లవారాక నాకు గుర్తున్నదల్లా బంగారక్క చీపురు, కేతిగాడి వీపు. లంక ఎప్పుడు కాలిందో నాకు తెలియదు. రాముడికి సీత దొరికిందన్న సంగతి నాకు తర్వాత మామ్మ చెప్పింది.

అంటే ఏడేళ్ళ వయసులో నేను ‘గో’ ప్రేక్షకుణ్ణే. అసలు సంగతి అది. ఇంకో తమాషా ఏంటంటే, తెర వెనక రాముడికి పద్యం పాడిన గొంతే కేతిగాడికి బూతులు పలికేది. అదే మనిషి. ఆ గొంతు మమ్మల్ని మోసం చేసిందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. స్కాట్ మెన్విల్ మీద మనకెందుకంత కోపం?

గట్టు మీద ఇదంతా చెప్పి గెలిచాననుకున్నాను. మాలో తక్కువ మాట్లాడే హైదరాబాదు వాడు ఒకడున్నాడు. వాడు చెప్పులోకి దూరిన ఇసక దులుపుకుంటూ, “కేతిగాడు రామాయణం మధ్యలో వస్తాడు. రామాయణాన్ని తీసేసి రాడు కదరా” అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. రెండేళ్ళ కిందట కాకినాడలో చూసిందొకటి అప్పుడే గుర్తొచ్చింది గానీ అది జవాబో కాదో నాకే తెలియక చెప్పలేదు. ఏదో ఉత్సవంలో స్టేజీ మీద తోలుబొమ్మలాట పెట్టారు. ముందు డాన్సులు, వెనక డాన్సులు, మధ్యలో ఇది. తెర లేచింది, హనుమంతుడు ఒకసారి ఇటు నుంచి అటు ఎగిరాడు, మిగతా అంతా కేతిగాడూ బంగారక్కా. చప్పట్లు బాగానే కొట్టారు. ఆట ముగిశాక బొమ్మలు సర్దుకుంటున్న పెద్దాయన దగ్గరికెళ్ళి రాముడేడండీ అనడిగాను. “ఆయ్, ఇరవై నిమిషాలిచ్చారండి. ఇరవై నిమిషాల్లో రాముడు అడవికి కూడా చేరలేడు కదండీ” అన్నాడు. కొంచెం ఆగి, “రాముడు రావాలంటే పద్యం వచ్చినోడుండాలి బాబూ. కేతిగాడికైతే నోరుంటే చాలు” అని పెట్టె మూసేశాడు.

ఆ ఇరవై నిమిషాలు ఆయన అడిగినవి కావు. కేతిగాడు అడిగినవీ కావు. రాత్రంతా చాప మీద కూర్చునే మనుషులు లేరని ఎవరో లెక్క వేసుకుని ఇచ్చినవి. ఆ లెక్కలో నేనూ ఉన్నాను. నాకు తొమ్మిదింటికి ఇంట్లో ఉండాలి, మర్నాడు ఆఫీసు.

‘గో’ సంగతి కూడా నాకిలాగే కనిపిస్తోంది. ఒక హాస్యం సీరీస్ రావడం తప్పు కాదు. అందులో మంచి నవ్వుంది, కొన్ని చోట్ల పాతదానికన్నా తెలివి కూడా ఉంది. అభిమానుల తిట్లకి వాళ్ళు ఇచ్చిన సమాధానం చూడండి. స్లేడ్ తిరిగొచ్చాడని పేరు పెట్టిన ఎపిసోడ్లో స్లేడ్‌ని అసలు చూపించరు. అతనితో పోరాటం ఎంత గొప్పగా జరిగిందో అని చెప్పుకుంటారు, అంతే. మనకి చూపించేది సైబోర్గ్, బీస్ట్ బాయ్‌ల గొడవని. చిన్నప్పుడు తమకి దేవుడిలా కనిపించిన జోకర్ని వాళ్ళు పిలిపించుకుంటారు. ఇప్పుడు చూస్తే వాడు పిల్లల కోసం వచ్చే మామూలు జోకరు. దాంతో వాణ్ణి తమ వయసుకి తగ్గట్టు మార్చాలని చూస్తారు. ఇది మన మీద వేసిన దెబ్బ. మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు మండింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి చూస్తే కాస్త దొంగ వాదనలా కూడా అనిపించింది. మనం అడిగింది జోకర్ని మార్చమని కాదు. ఆపేసిన కథ చెప్పమని.

తప్పంటూ ఉంటే వేళల్లో ఉంది. అమెరికాలో ఆ ఛానల్ ఒక దశలో గంటలకు గంటలు దీన్నే తిప్పితిప్పి వేసింది. పాతది 65 దగ్గర ఆగితే ఇది పదేళ్ళు దాటి వందల ఎపిసోడ్లకి వెళ్ళింది. పదకొండు నిమిషాల ముక్కలు ఎక్కడ పడితే అక్కడ ఇముడుతాయి, వరస తప్పినా పరవాలేదు. టెర్రా కథ అలా ఇమడదు, వరసలో చూడాలి. చాప పరిచి కూర్చోవాలి.

అక్క లెక్క, నాన్న లెక్క

ఇంటికొచ్చి ఈ కేతిగాడి వాదన అక్క ముందు పెట్టాను. అరిసెల డబ్బాలు సర్దుతూ వింది. అక్కకి స్లేడ్ తెలియదు, టెర్రా తెలియదు. కొడుకు రాబిన్‌లా అరుస్తూ మంచం మీంచి దూకడం, భోజనాల దగ్గర ముడ్డి జోకులు వేయడం మాత్రం బాగా తెలుసు. “కేతిగాడు మరీ పచ్చిగా మాట్లాడేవాడు కదే, మనం పాడైపోయామా?” అన్నాను. “కేతిగాడు ఏడాదికొక్క రాత్రి వచ్చేవాడు. వీడు రోజుకి రెండు గంటలు మనింట్లోనే ఉంటాడు” అంది.

ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు, ఎందుకంటే దీనికి నా దగ్గర జవాబు లేదు. నవ్వు ఎంత మోతాదులో ఉండాలన్న లెక్క ఛానళ్ళు వేసుకోలేదు, అభిమానులూ వేయలేదు. అక్క వేసింది. నేను కూడా వరసగా నాలుగో ఎపిసోడ్ దగ్గర తలనొప్పితో లేచిపోతాను. ఉప్పు మంచిదే, కంచం నిండా ఉప్పయితే ఎవరు తింటారు?

కానీ మర్నాడు పొద్దున ఇంకోటి జరిగింది. అది నా వాదనకి పనికొస్తుందని రాయడం లేదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను. ‘గో’లో అప్పుడప్పుడు డబ్బు పాఠాలు చెప్తారు. పిరమిడ్ స్కీము మీద ఒక ఎపిసోడుంది. మావాడు వీధరుగు మీద, ముగ్గు పక్కన, సుద్దముక్కతో త్రికోణం గీసి మా నాన్నకి చెప్తున్నాడు: “పైన ఒకడుంటాడు తాతయ్యా. వాడు ఇద్దర్ని చేర్పిస్తాడు. వాళ్ళు నలుగుర్ని. కిందున్నోళ్ళ డబ్బులన్నీ పైకెళ్తాయి. ఆఖర్న చేరినోడికి ఏమీ రాదు.”

నాన్న ఒకప్పుడు ఇలాంటి చైన్ స్కీములోనే ముప్పై వేలు పెట్టారు. ఏదో పొడి డబ్బాలు వచ్చాయి, డబ్బులు రాలేదు. తను చేర్పించిన ఇద్దరూ ఈ వీధివాళ్ళే. అందులో ఒకాయన ఇప్పటికీ నాన్నతో సరిగా మాట్లాడడు. ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తరు. నాన్న ఆ త్రికోణాన్ని చాలాసేపు చూశారు. “ఇది నీకెవరు చెప్పారురా?” అన్నారు. “రాబిన్” అన్నాడు వాడు. “బళ్ళో నీ స్నేహితుడా?” అన్నారు నాన్న. వాడు నవ్వుతూ దొర్లాడు. నాన్న కూడా నవ్వారు గానీ, లోపలికి వెళ్ళబోతూ ఆగి, ఆ త్రికోణంలో అట్టడుగు గడి మీద కాలి బొటనవేలు పెట్టి, “మనం ఇక్కడున్నామన్నమాట” అన్నారు.

స్లేడ్ ఈ పని చేయగలడా? చేయలేడు. అతని పని వేరు.

పాతది పెట్టి చూపిస్తే

మా బెంగళూరు వాడు వెళ్ళేముందు ఒక పందెం కాశాడు. మావాడికి పాత సీరీస్ చూపించు, ఒక్కసారి చూస్తే మళ్ళీ ‘గో’ మొహం చూడడు అని. 2018లో వచ్చిన ‘గో’ సినిమా చివర్లో, పేర్లు పడుతుండగా మధ్యలో, పాత టైటన్స్ ఒక్క క్షణం కనిపిస్తారు, తిరిగొచ్చే దారి దొరికిందంటారు. ఆ ముక్క చూసి వీడు హైదరాబాదులో థియేటర్లో ఈల వేశాడట. పక్కన కూర్చున్న పిల్లలు బిత్తరపోయి చూశారట. మర్నాటి ఏడు పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ తలపడే సినిమా కూడా వచ్చింది. అంత చూశాక కూడా వీడి కోపం తీరలేదు. ఆ కోపం సీరీస్ మీద కాదని నాకు అప్పుడే అర్థమవ్వాల్సింది. ఆ హాస్టల్ గది మళ్ళీ రాదు. దాని మీద.

నాకూ రాదు. నేనేం పెద్ద అతీతుణ్ణి కాను. మేనల్లుడికి చూపించడానికి ఎపిసోడ్ ఎంచేటప్పుడు నా చేతులు ఎందుకంత తొందరపడ్డాయో నాకు తెలుసు. వాడికి నచ్చాలని కాదు, నాకు నచ్చింది నిజమేనని వాడి నోటితో వినాలని.

మొదటి సీజన్ చివర్లో స్లేడ్ రాబిన్‌ని బెదిరించి తన శిష్యుణ్ణి చేసుకునే రెండు భాగాల కథ పెట్టాను. లైట్లు తీసేశాను. మొదటి పది నిమిషాలు మావాడు మర్యాదగా చూశాడు. తర్వాత, “వీళ్ళెందుకు మావయ్యా ఇంత కోపంగా ఉన్నారు?” అన్నాడు. ఇంకాసేపటికి, “సైబోర్గ్ ఎప్పుడు పాడతాడు?” అన్నాడు. రెండో భాగం సగంలో ఉండగా వాడి తల నా భుజం మీద వాలింది. కేతిగాడొచ్చినప్పుడు లేపమని కూడా చెప్పకుండా నిద్రపోయాడు. నేను ఒక్కణ్ణే చివరిదాకా చూశాను. ఆ తలని కదపకుండా చూడాల్సొచ్చింది కాబట్టి భుజం పట్టేసింది. ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు గుర్తున్నంత చీకటి అందులో లేదు. చాలా చోట్ల వెలుతురుగానే ఉంది. ఆ చీకటి మా ఊరి కరెంటు కోతలదీ, నా అరకొర ఇంగ్లీషుదీ అయ్యుండాలి. స్లేడ్ గొంతు మాత్రం అలాగే ఉంది.

బెంగళూరు వాడికి పందెం ఓడిపోయావని మెసేజ్ పెట్టాను. వాడు నమ్మలేదు, ఎపిసోడ్ తప్పు ఎంచావన్నాడు. టెర్రాతో మొదలుపెట్టాల్సిందట.

ముక్కనుమ మర్నాడు వాళ్ళ ప్రయాణం. అమలాపురం బస్టాండులో అక్క పూతరేకుల పొట్లాం ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటోంది. మావాడు కిటికీ పక్కన సీటు పట్టుకుని కూర్చున్నాడు. బస్సు కదలబోతుంటే చువ్వల్లోంచి తల బయటపెట్టి, “మావయ్యా, ఆ ముసుగాయన మొహం చివరికి చూపిస్తారా?” అన్నాడు.

నిద్రపోయాడనుకున్నాను.

“చూపించరు” అన్నాను. “అయిదు సీజన్లూ చూసినా చూపించరు.”

“తీసేస్తే కింద ఎవరుంటారు?”

డ్రైవరు హారన్ కొట్టాడు. “నాక్కూడా తెలీదురా” అని అరిచాను. వాడికి వినపడిందో లేదో, అప్పటికే బస్సు మలుపు తిరుగుతోంది.